కోకిల కాస్తా కకల

"కూర్చుని చేసే పనే కదమ్మా, ఈ బఠాణీలు కూడా ఒలిచెయ్యి" అని అత్తయ్య గిన్నె తెచ్చి నా కంప్యూటర్ పక్కన పెట్టి వెళ్ళారు.

ఒలుస్తూనే తెర మీద కార్డులు చూశాను. మా కంపెనీ అచ్చు వేయించిన లైబ్రరీ కార్డుల మీద పేర్లకి గుణింతాలన్నీ రాలిపోయాయి. కోకిల అనే పాప కాస్తా కకల అయి కూర్చుంది. పేర్ల మధ్య పొరపాటున పడ్డ చుక్కలూ గీతలూ తీసెయ్యడానికి నేనొక చిన్న సూత్రం రాశాను: అక్షరాలు ఉంచు, మిగతావి తుడిచెయ్యి. సూత్రంలో అక్షరం అని చెప్పడానికి ఒక గుర్తు వాడతాం. నేను పరీక్షించిన సాఫ్ట్‌వేర్‌లో ఆ గుర్తులోకి గుడీ, కొమ్మూ అన్నీ వస్తాయి. ఆఫీసు సర్వర్ మీదున్న దాంట్లో అదే గుర్తుకి అచ్చులూ హల్లులూ మాత్రమే అక్షరాలు, గుణింతాలు చెత్త. ఇంకో సాఫ్ట్‌వేర్‌కైతే ఇంగ్లీషువి తప్ప మన లిపివి అసలు అక్షరాలే కావు. ఎవరి రూలు ప్రకారం వాళ్ళు రైటే.

"సర్వర్ మీద కూడా ఒకసారి చూద్దాం సార్" అని నేను ముందే మొత్తుకున్నాను. "అదే గుర్తు కదా మేడమ్, ఎక్కడైనా ఒకటే. మీరు ఊరికే కంగారు పడతారు" అని టీమ్ లీడర్ నవ్వేశాడు. ఇప్పుడు కాసేపట్లో జరిగే ఆన్‌లైన్ మీటింగ్‌లో పెద్ద మేనేజర్ ముందు తప్పు నాదేనని నేను ఒప్పుకోవాలట. ఒప్పుకుంటే ఈ ప్రాజెక్టు నా చేతిలోంచి పోతుంది. మొదటి నుంచీ బిడ్డని సాకినట్టు సాకింది నేను.

మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయనదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. "దానికింత రాద్ధాంతమెందుకు? సారీ చెప్పేస్తే పోలా? అన్నట్టు నా చొక్కాలు ఇస్త్రీకిచ్చావా? ఇంట్లో ఖాళీగానే ఉన్నావుగా" అన్నాడు. ఏడుపొచ్చింది. ఇంట్లో కూర్చుని పనిచేస్తాను కాబట్టి ఆఫీసువాళ్ళ లెక్కలో హాయిగా ఉన్నాను. కంప్యూటర్ ముందు కూర్చున్నాను కాబట్టి ఇంట్లోవాళ్ళ లెక్కలో ఖాళీగా ఉన్నాను. పని అనే మాట ఎక్కడా నా దాకా రాదు. తెర మీద లేని ఆ గుళ్ళనీ కొమ్ముల్నీ తలుచుకుంటే జాలేసింది. పక్కనున్న హల్లుకి పలుకునిచ్చేవి అవే, తుడిచేస్తే అడిగే దిక్కు లేనిదీ వాటికే. నాకు మాత్రం ఎవరున్నారు?

మీటింగ్ మొదలైంది. టీమ్ లీడర్ గొంతు సవరించుకుని "ఏం జరిగిందో మేడమే చెబుతారు సార్" అన్నాడు. నేను మైకు ఆన్ చేశాను. సరిగ్గా అప్పుడే హాల్లో ఫోన్ మోగింది. అత్తయ్య తన చెల్లెలితో మాట్లాడుతున్నారు, మీటింగ్‌లో అందరికీ వినబడేంత గట్టిగా.

"ఏం చేస్తానే, ఇంట్లో ఎవరూ లేరు. నేనొక్కదాన్నే."

మీటింగ్‌లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మేడమ్, ఉన్నారా?" అన్నాడు టీమ్ లీడర్.

నోరు తెరిచాను. ఉన్నానని ముందు ఎవరికి చెప్పాలో తెలియలేదు.