బావ లేని ఎడమ పక్క

ముప్ఫై ఏళ్లు ఆ చిన్న చెక్క పడవ మీద ఇద్దరే బతికారు, అతనూ అతని బావా. ఇంజన్ దగ్గర కుడి పక్కన అతను, ఎదురుగా ఎడమ పక్కన బావ. మాటలన్నీ బావవే. సీసపు గుండు కట్టిన తాడు నీళ్లలోకి వదిలి, "పదకొండు బారలు, అడుగు బురద!" అని బావ కేకేస్తే వల దించేవాళ్లు.

ఏం లాభం, బావ మోకాళ్లు అరిగిపోయాయి. డాక్టరు సముద్రం వద్దన్నాక అక్క ఆయన్ని రేవులో ఐసు దుకాణంలో కూర్చోబెట్టింది.

ఒక్కడే వెళితే తాడు పట్టుకున్నప్పుడు పడవ ఎటో పోయేది, పడవ పట్టుకుంటే తాడు వేసే దిక్కు లేదు. రెండు నెలలు ఖాళీ బుట్టలే. సోమవారం నుంచి తన దగ్గర పనికి రమ్మని పెద్ద బోటు యజమాని కబురు పెట్టాడు. సొంత పడవ కట్టేసి ఇంకొకరి తాళ్లు లాగడానికి అతని ప్రాణం ఒప్పలేదు. అందుకే లోతూ చేపలూ చూపించే ఫిష్ ఫైండర్ కొందామని పడవ సామాన్ల దుకాణానికి వెళ్లాడు.

"తెర ఏదైనా ఒకటే అన్నా. కింద పెట్టే సెన్సారే దాని చెవి," అంది దుకాణం ఆవిడ. "అడుగున బొక్క పెట్టి దించేది ఒకటుంది."

"తేలే పడవకి చేతులారా బొక్క పెట్టుకుంటానా అమ్మా? నాకింకా మతి పోలేదు."

"పోనీ లోపల అతికించేది ఉంది కానీ, చెక్కలోంచి దాని శబ్దం సరిగా దిగదు. వెనక చెక్కకి బయట బిగించేది తీసుకో. నీళ్లలో తిరిగే ఇంజన్ ఫ్యాన్‌కి దూరంగా పెట్టు. నురగ తగిలిందా, దానికి చెవుడే."

శుక్రవారం బిగించాడు. రేవులో అల లేదు కదా అని బావ కూడా ఎక్కి తన చోట కూర్చున్నాడు. నీటి మట్టం చూసి, సెన్సారు ముఖం నీళ్లలో సమంగా ఉండేట్టు మరలు తిప్పి, రేవులోనే ఒక చుట్టు తిరిగారు. తెర మీద అడుగు గీత గీసినట్టు కనబడింది.

"అయిపోయింది, నా ఉద్యోగం ఊడింది!" అన్నాడు బావ. ఇద్దరూ నవ్వారు.

శనివారం ఒక్కడే వెళ్లాడు. రేవు దాటి వేగం పెంచగానే గీత తెగిపోయింది. తెర నిండా చుక్కలే. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. తీగలన్నీ ఊడదీసి మళ్లీ తగిలించాడు, యంత్రాన్ని తిట్టాడు, తనను తాను తిట్టుకున్నాడు. వినేవాడు లేకపోతే తిట్టుకు కూడా రుచి ఉండదు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

ఆదివారం బావ గట్టు మీద నిలబడి, "ఒక్కడివీ కూర్చుని నా ముందు నుంచి పోనియ్యి," అన్నాడు. పోనిచ్చాడు. బావ తల పట్టుకున్నాడు.

"ఓరి బామ్మర్దీ! నన్ను ఎక్కించుకుని కొలత తీశావురా! నేను లేకపోతే పడవ నీ వైపు ఒరిగి, ఎడమ పక్క లేస్తోంది. నీ సెన్సారు గాలి పీలుస్తోంది. అసలు ఎడమ వైపు ఎందుకు పెట్టావ్?"

"లోతు చూసేది ఆ పక్కే కదా బావా."

బావ పడవలో ఖాళీగా ఉన్న తన చోటు వైపు చూశాడు.

"నీ చోట ఇసుక బస్తా పెడతాలే," అన్నాడు అతను.

"మీ అక్క వింటే, ఇన్నాళ్లూ నువ్వు మోసింది బస్తానే అంటుంది," అన్నాడు బావ. "వద్దురా. అల కొడితే బస్తా జారుతుంది. నేనిక రాను. ఒక్కడి పడవకి ఒక్కడి కొలతే తియ్యి."

అతను మరలు విప్పాడు. ఎడమ వైపు మరల బొక్కలు మైనంతో పూడ్చాడు. అది చేస్తున్నంతసేపూ గట్టు వైపు చూడలేదు. తర్వాత ఒక్కడే కూర్చుని, ఒరిగిన పడవకు తగ్గట్టు కుడి వైపు, ఫ్యాన్‌కి జానెడు ఎడంగా బిగించాడు.

సోమవారం పెద్ద బోటు హారను కొట్టింది. అతను రానని చెయ్యి ఊపి, తన ఇంజన్ తాడు లాగాడు. రేవు దాటినా గీత తెగలేదు. ఒకచోట అడుగు మీద చేపల గుంపు మబ్బులా కదిలింది. వల దించాడు. పొద్దెక్కేదాకా ఆ పడవలో ఒక్క మాట పుట్టలేదు.