మూడక్షరాల వేరు

హైదరాబాద్‌లో మూసీ ఇళ్లలోకి వచ్చిన ఏడు అది. ఇల్లు మునిగాక ఉబైద్ సింగపూర్ వచ్చి సెంగ్‌కాంగ్‌లో కొడుకు సాదత్ ఫ్లాట్‌లో ఉన్నాడు. మాట పొదుపు మనిషి.

శనివారం సాయంత్రం కోడలు జాహిదా ఉల్లిపాయలు తరుగుతోంది. మర్నాడు సాదత్ ఆఫీసువాళ్లు బిర్యానీకి వస్తున్నారు. ఏ పని మొదలుపెట్టినా ఆమె బిస్మిల్లా చదువుతుంది. చిన్నప్పుడు అర్థం చెప్పకుండా నేర్పిన మాటలు. ఆడపిల్లకు చదవడం వస్తే చాలన్నారు.

కింది అంతస్తులో మొజెల్ ఆంటీ ఉంటుంది. బాగ్దాద్ నుంచి వచ్చి స్థిరపడ్డ యూదుల మనవరాలు. ఆదివారాలు ఇంట్లోనే హీబ్రూ చెబుతుంది. పోయిన వారం గిన్నె తిరిగివ్వడానికి వెళ్లిన జాహిదా అక్కడే కూర్చుండిపోయింది. ఆ భాషలో మాటలు మూడేసి హల్లుల వేరు నుంచి మొలుస్తాయట. ర, హ, మ. రెహెమ్ అంటే గర్భం. అదే వేరుకు రహమీమ్, అంటే దయ. అరబ్బీదీ అదే వేరు, రెండూ ఒక తల్లి బిడ్డలేనంది ఆంటీ. వేల ఏళ్లలో అచ్చులు మారాయి, హల్లులు నిలబడ్డాయి.

బిస్మిల్లాలో దేవుణ్ని పిలిచే పేర్లు రహ్మాన్, రహీమ్. పొయ్యి వెలిగిస్తూ, చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఇన్నేళ్లూ పలికింది ఇదా? రెండుసార్లు నిలవని కడుపు తనది. ఎందుకొచ్చిన కడుపని చనిపోయిన అత్త ఒకప్పుడు నలుగురిలో అన్నది. ఆ కడుపు పేరుతోనే మనుషులు దయను పిలుచుకున్నారా? వారం రోజులుగా ఏ పని మొదలుపెట్టినా ఆ రెండు మాటల దగ్గర ఆగుతోంది.

ఆ సాయంత్రమే చాయ్ ఇస్తూ ఇదంతా మామకు చెప్పింది. ఆయన తాగలేదు.

"మళ్లొకసారి చెప్పు బిడ్డా," అన్నాడు.

చెప్పింది. చాయ్ చల్లారిపోయింది.

రేపు పదింటికి ఆంటీ దగ్గర హీబ్రూ క్లాసుందని, పోతానని సాదత్‌తో అంటే అతను టీవీ మీంచి చూపు తిప్పలేదు. టీమంతా వస్తుంటే ఇప్పుడా, ఖాళీగా ఉంటే ఇట్లాంటివే తోస్తయి అన్నాడు.

"ఆ భాషతోని మనకేం పని? బిర్యానీ ఎవరు చేస్తరు?"

జాహిదా చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ. దాన్ని పళ్లెంలో పెట్టి, కత్తి కడిగి పక్కన ఉంచింది.

"నాకు పనుంది. నేను పోతున్న," అంది.

తెల్లారి ఆమె క్లాసుకు పోవడానికి చున్నీ సర్దుకుని వచ్చేసరికి, ఎన్నడూ పొయ్యి దగ్గర నిలబడని ఉబైద్ బియ్యం కడుగుతున్నాడు. పెదవులు మెల్లగా బిస్మిల్లా పలుకుతున్నాయి. నిద్రమొహంతో వచ్చిన కొడుకును చూశాడు. తడి చేయి తుడుచుకుని, కత్తి తీసి అతని చేతిలో పెట్టాడు.