పైకి లేచిన చెయ్యి

మా రాజుగారు గద్దెనెక్కిన ఏడాదే చాటింపు వేయించారు. ఎవరూ ఏ ప్రాణినీ చంపకూడదు, వలలు తగలబెట్టాలి, పెంపుడు డేగలను అడవికి వదిలెయ్యాలి. మాట దాటినవాణ్ణి ఉత్తర సరిహద్దు కోటకు రాళ్ళు మోయడానికి తోలేస్తారు. అక్కడికి వెళ్ళి తిరిగొచ్చినవాణ్ణి నేను చూడలేదు.

అలాగని ఆయన్ను తిట్టుకోలేదు. మెత్తని మనిషి. కరువులో ధాన్యపు కొట్లు తెరిపించి మా కోమ్ నది రేవు జనానికంతా కొర్రలు పోయించారు. మా అత్తగారు ఆ గింజలతోనే బతికింది. కాకపోతే చేపలు పట్టేవాడి చేతిలో ముల్లంగి దుంప పెట్టి బతకమంటే ఎలా బతుకుతాడో ఆయనకు తెలియదు, పాపం.

నా మొగుడు మాదోల్ డేగతో వేటాడేవాడు. ఆ డేగను పిల్లగా గూట్లోంచి తెచ్చి, బొరా అని పేరు పెట్టి, ఒళ్ళో పెట్టుకుని పెంచాడు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో అలిగేదీ అరిచేదీ అదే. చాటింపు విన్న రోజే దాని కాలిగంట విప్పాడు, తోక ఈకకు కట్టిన తన పేరున్న కొమ్ముబిళ్ళ తెంపాడు, కొండమీద వదిలేసి వచ్చాడు. వచ్చి అన్నం ముట్టలేదు.

"అడవికే కదయ్యా పోయింది! కూతుర్ని అత్తారింటికి పంపినట్టు ఆ ఏడుపేంటి?" అన్నాను.

"నోర్ముయ్యవే" అన్నాడు. కాసేపటికి నేనూ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

ఆకులు రాలే కాలంలో రాజుగారు మా గుట్టమీది కొత్త స్తూపానికి పూజ చేయడానికి వచ్చారు. పూజ చివర బుట్టల్లోని పావురాలను తన చేత్తో ఆకాశంలోకి వదలాలి. ప్రాణదానమన్నమాట. ఊరంతా చేరాం. మొదటి పావురం ఎగిరిందో లేదో, పైనుంచి రాయి పడ్డట్టు ఒక డేగ దానిమీద పడింది. రాజుగారి తెల్లబట్టలమీద నెత్తురు చిందింది.

బొరాయే. గంట లేదు, బిళ్ళ లేదు. ఎవరిదో ఎవడికి తెలుస్తుంది? కదలకుండా నిలబడితే చాలు.

మాదోల్ ఎడమ చెయ్యి పైకి లేచింది.

"దించవయ్యా, నీ దుంపతెగ!" అన్నాను పళ్ళు బిగించి. ఆయనకు వినబడితేగా! వేట దొరికిందంటే ఆ చెయ్యి లేవాల్సిందే. ఇన్నేళ్ళ అలవాటు. బొరా పావురాన్ని వదిలేసి వచ్చి ఆ చేతిమీద వాలింది.

భటులు ఆయన్ను జుట్టు పట్టి, చేతిమీది బొరాతో సహా ఈడ్చుకెళ్ళి రాజుగారి ముందు పడేశారు.

"వదిలెయ్యమన్నాను కదయ్యా" అన్నారు రాజుగారు. ఆ గొంతులో కోపం కన్నా నొప్పే ఎక్కువ.

"వదిలాను మహారాజా, ఒట్టు. ఈ చెయ్యే నా మాట వినలేదు."

"అబద్ధాలకోరు! సరిహద్దుకు తోలండి వీణ్ణి" అన్నాడు మంత్రి.

నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి రాజుగారి కాళ్ళమీద పడ్డాను.

"దొరా, డేగ ఆకలేసి చంపింది. మరి మీ పుణ్యం కోసమని మీ మనుషులే నెల్లాళ్ళుగా మా కొండల్లో ఉచ్చులు పెట్టి ఈ పావురాల్ని పట్టారే, దాన్నేమంటారు? సగం బుట్టల్లోనే చచ్చాయి. కావాలంటే అడుగున చూడండి!"

మంత్రి ముఖం మాడిపోయింది. రాజుగారు ఎవరినీ పిలవలేదు, తనే బుట్ట వంచారు. బతికినవి రెక్కలీడ్చుకుంటూ బయటికొచ్చాయి. వాటి వెనక చచ్చినవి రాలిపడ్డాయి. ఒక్కొక్కదాన్నీ తీసి ఒళ్ళో పెట్టుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. "నాకెవరూ చెప్పలేదు" అన్నారు చిన్నపిల్లాడిలా, కళ్ళనీళ్ళతో. అప్పటిదాకా ఆయనమీద మండిపడ్డ నాకూ ఏడుపొచ్చింది.

తర్వాత మాదోల్‌ను లేపారు. "ఇంటికి వెళ్ళు. కానీ నువ్వు చెయ్యి చాపినంతకాలం అది అడవిలో నిలవదు. ఇంకోసారి నీ చేతిమీద వాలిందా, నేను వేయించిన చాటింపే నీ మెడకు చుట్టుకుంటుంది. నేను కాపాడలేను."

మాదోల్ చెయ్యి విదిలించాడు. బొరా ఎగిరి స్తూపం కొసన వాలి, మళ్ళీ ఆ చేతికేసే చూసింది. ఆయన రెండు చేతులూ చంకల్లో దాచుకుని, తల వంచుకుని ఇంటిదారి పట్టాడు.

ఇప్పటికీ చలి మొదలైందంటే మా ఇంటిమీద ఒక డేగ అరుస్తుంది. బొరాయో కాదో తలెత్తి చూడను. మాదోల్ కుడిచేత్తో ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకుంటాడు. ఆ ఒక్క చెయ్యీ చాలదు. నేను పిండిచేతులతోనే పరుగెత్తుకెళ్ళి నేనూ పట్టుకుంటాను.