అవతలి గీత

సాక్స్ తిరగేసి ఉతకాలి. లేకపోతే మట్టి లోపలే ఉండిపోతుంది. స్నానాలగదిలో పీట వేసుకుని ఆ పనే చేస్తున్నాను. వంటింట్లోంచి అత్తయ్య అంది: "బంతి వెనక అంత పరుగు పెడతావే, ఇంట్లో పిలిస్తే ఒక్క అడుగు త్వరగా పడదేం?"

పడుతుంది. అదే నా బాధ. ఎవరు పిలిచినా అడుగు పడిపోతుంది.

నేను ఫుట్‌బాల్ ఆడతాను. వింగర్ని. మైదానం అంచున తెల్లగీతను అంటిపెట్టుకుని పరిగెత్తడం నా ఉద్యోగం. మొదటి సగం కోచ్ నిలబడే గీత పక్కనే ఉంటాను. విరామం తర్వాత జట్లు వైపులు మారతాయి కనుక రెండో సగం అవతలి గీత మీద ఆడతాను. కోచ్ అరుపులు అక్కడికి అందవు. చాలా ఏళ్ళు ఆ కోచ్ మా ఆయనే. "లోపలికి! వెనక్కి! నిన్నే, వెనక్కి!" ఆట అయ్యాక ఇద్దరం ఇంటికొచ్చేవాళ్ళం. ఆయన సోఫాలో కూలబడి "నీళ్ళు" అనేవాడు. అదే గొంతు. ఇంట్లో నాకు రెండో సగం ఉండేది కాదు.

"నేను పట్టుకురాకపోతే ఈవిడెవరో ఎవరికి తెలుసు?" అని నలుగురిలో నవ్వేవాడు. నలుగురూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

కిందటేడు ఆ క్లబ్ ఆయన్ని తీసేసింది. నన్ను ఇంకో క్లబ్ తీసుకుంది. కొత్త కోచ్ ఆడమనిషి. ఆట జరుగుతుంటే చేతులు కట్టుకుని చూస్తుందే తప్ప అరవదు. అయినా మా ఆయన గొంతు నాకు వినపడుతూనే ఉంది. కుళాయి చప్పుడులో వినపడుతుంది. ఆయన ఊళ్ళో లేని రోజున కూడా. మొన్నటి ఆటలో అవతలి గీత మీద ఉన్నాను, చుట్టుపక్కల ఎవరూ లేరు. మా వాళ్ళకి బంతి దొరికింది. వింగర్ అప్పుడు ముందువైపే ఉండాలి, బంతి అక్కడికే వస్తుంది. "వెనక్కి!" అని వినపడింది. తిరిగి పరిగెత్తాను. నేనుండాల్సిన చోటి మీదుగా బంతి గీత దాటిపోయింది.

ఆ బంతి వేసింది మా డిఫెండర్. జట్టులో అందరం పొట్టి అని పిలుస్తాం. "అక్కా, ఈసారి గోడకేస్తాను. అదైతే ఉన్నచోటే ఉంటుంది" అంది.

కోచ్ నవ్వలేదు. "నిన్నెవరు పిలిచారమ్మా?"

"ఎవరూ పిలవలేదు మేడమ్."

"ఇది మొదటిసారి కాదు. మళ్ళీ ఉత్తపుణ్యానికి వెనక్కి తిరిగావో, నీ చోట ఇంకొకర్ని దించుతా. తర్వాత నన్ను అనుకోవద్దు."

ఇంట్లో ఆ ఆటను మా ఆయన టీవీలో మళ్ళీ వేసుకున్నాడు. సరిగ్గా అక్కడే ఆపాడు.

"చూశావా? చెప్పకుండానే వెనక్కొచ్చావు. నేర్పింది ఎక్కడికి పోతుంది!"

ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నా చేతిలో ఆయన పళ్ళెం ఉంది. అది బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆదివారం ఆయన ఆట చూడ్డానికి వచ్చాడు. అవతలి గీత వైపు, గ్యాలరీ మొదటి వరసలో కూర్చున్నాడు. రెండో సగంలో నేను అక్కడికే వెళ్ళాలి. వెళ్ళాను. కాసేపటికి పొట్టికి బంతి దొరికింది.

"వెనక్కి! నిన్నే!"

ఈసారి నిజంగానే అరిచాడు. నా తలలో ఉన్న గొంతు మైదానమంత ఉండేది. ఇది గ్యాలరీలో ఒక మనిషి గొంతు. "కాస్త మెల్లిగా అరవండి సార్, చెవి పోతోంది" అని పక్కనున్నవాడు అనడం కూడా నాకు వినపడింది. కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. మడమ గీత మీద ఆనించి నిలబడ్డాను. బంతి నా కాలి దగ్గరికొచ్చింది. ముందంతా ఖాళీ. వెళ్ళాను.

గోల్ కాలేదు. వాళ్ళ కీపర్ బంతిని బయటికి తోసేసింది. పొట్టి అంత దూరం నుంచి చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చి సోఫాలో కూర్చున్నాక ఆయన అడిగాడు.

"అంత గట్టిగా పిలిచాను. వినపడలేదా?"

అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వినపడలేదని అంటే సరిపోయేది. జనం గోలలో కలిసిపోయిందనుకునేవాడు. సంచీ కింద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"వినపడింది" అన్నాను.