కిటికీ పక్క మిషను

ఆ కుట్టు గదిలో మిషన్లు ఆరు, కిటికీ ఒకటే. పట్టపగలు కూడా మిగతా అయిదూ ట్యూబులైటు దయ మీదే నడవాలి. మొదట్లో కిటికీ సీనియర్లకే అన్నారు, జుట్లు పట్టుకున్నారు. ఓట్లేద్దామన్నారు, ఎవరి చెయ్యి వాళ్లకే లేచింది. ఆఖరికి సోమవారం సోమవారం చీట్లు తీద్దామని అందరూ ఒప్పుకున్నారు. పెద్దదని కాజాలు కుట్టే పెద్దమ్మది చీటీ తీయడంలో మొదటి వంతు. చీట్లు రాసేది కాలర్లు కుట్టే ఆవిడ కాబట్టి రెండోది ఆమెది. నెమ్మదస్తురాలు, ఎవరి జోలికీ పోదని ఆ పని ఆమెకి అప్పజెప్పారు.

నెమ్మదస్తురాలే, మహాతల్లి! కిటికీ చీటీకి సూదితో సన్నగా ఓ పొడుపు పొడిచేది. వేలికి ఆ గరుకు తగిలితే చాలు. అనుమానం రాకుండా మధ్యమధ్య వదిలేసేది కూడానూ. అలా ఎనిమిది వారాల్లో అయిదు వారాలు కిటికీ తనదే. పెద్దమ్మకి ఒక్కసారీ రాలేదు.

శనివారం పెద్దమ్మ కాజా గీత తప్పి చొక్కా ముందుభాగం నిలువునా కోసేసింది. కళ్లు మసకలు కదా పాపం. "ఇంకొక్కటి పాడైతే ఇక పనిలోకి రావద్దు" అన్నాడు ఓనరు. ఆ మాట వింటుంటే కాలర్లావిడకి తల కొట్టేసినట్టయింది. ఆదివారమంతా అన్నం సహించలేదు.

సోమవారం చీట్ల డబ్బా బల్ల మీద పెట్టి, తను చేసిందంతా చెప్పేసింది.

"ఓసి నీ అసాధ్యం కూలా!" అని జేబులు కుట్టే ఆవిడ లేచింది. "ఇకమీదట రాసినవాళ్లు ఆఖర్న తీయాలి!"

"అసలు చీట్లెందుకు? ఎవరికి చూపు తక్కువైతే వాళ్లే కిటికీ దగ్గర కూర్చుంటారు" అంది ఇంకొకావిడ. అంతా సరేనన్నారు. పెద్దమ్మ కత్తెర, దారాలూ తీసుకెళ్లి కిటికీ దగ్గర పెట్టారు.

పెద్దమ్మ మాత్రం కదల్లేదు.

"నాకు మొదటి వారమే తెలుసే అమ్మాయ్" అంది. "కళ్లు పోయాక నాకు వేళ్లేగా దిక్కు. ఆ పొడుపు తగిలిన ప్రతిసారీ నీకోసం వదిలేశాను. నీకు నాకన్నా చూపు తక్కువేమో, చెప్పుకోలేక ఇలా చేస్తున్నావేమో అనుకున్నా. ముందు నీ సంగతి చెప్పు, నీ కళ్లెలా ఉన్నాయి?"

నిక్షేపంలా ఉన్నాయి. పెద్దమ్మ మొహంలోకి చూడ్డానికి మాత్రం అవి లేవలేదు.

"బాగానే ఉన్నాయి పెద్దమ్మా."

"మరెందుకే?"

"గాలి వస్తుందని."