అంటుకుపోయిన ప్లేట్లు

ఆల్డో జానెట్టి వంటింట్లోకి వచ్చేది రెండే పనుల మీద: తినడానికి, లేదంటే ఏదో ఒకటి ఎత్తుకుపోవడానికి. నలభై ఏళ్ల కాపురంలో అతని భార్య నెల్లాకి మూడో కారణం కనబడలేదు. ఆ ఆదివారం వెన్న రాసే కత్తి పోయింది. రొట్టె ముక్క చేత్తో పట్టుకునే ఆమె షెడ్డు గుమ్మం దాకా వచ్చింది.

"ఏమయ్యా, ఆ కత్తి మా అమ్మది. బండికి వెన్న రాస్తున్నావా?"

"పనయ్యాక కడిగిస్తా."

"జల్లెడ కూడా ఇలాగే కడిగిచ్చావు. ఇప్పటికీ పాస్తా పెట్రోలు వాసనే."

ఆల్డో నవ్వలేదు. ముప్పై మూడేళ్లుగా మిల్లుకి చెరకు రైలు నడుపుతున్నాడు. వానాకాలంలో మిల్లు ఆగితే ఆ ఇంజన్లకే మరమ్మతు చేస్తాడు. వంగిన నడుం, చెవుల్లో వెంట్రుకలు, గోరు లేని ఎడమ చూపుడువేలు. ఊళ్లో ఎవరినడిగినా "ఆల్డోనా? మంచోడే" అని, ఇంకేం చెప్పాలో తోచక వాన సంగతి ఎత్తుతారు. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఆ సంగతికి కరువు లేదు. ఇప్పుడూ రేకుల మీద కురుస్తోంది.

ఆ బండి అన్నదమ్ములిద్దరూ కుర్రతనంలో కలిసి కొన్న మోటారుసైకిలు. పదకొండేళ్ల కిందట తమ్ముడు రెంజో దాన్ని సముద్రం దాకా తోలి తెచ్చి, క్లచ్ లీవరు నొక్కిపెట్టి, పాత ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కి కట్టాడు. "వానలు వెలిసేదాకా ఇలాగే ఉండనీ అన్నా. లేకపోతే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి" అన్నాడు. రైలు తోలేవాడికి వీడా పాఠం చెప్పేది అనుకుని, తమ్ముడు గేటు దాటగానే ఆల్డో ఆ ట్యూబు ముక్కని విప్పి మేకుకి తగిలించాడు. వానలయ్యాక స్టార్ట్ చేసి, క్లచ్ పట్టుకుని గేరు వేశాడు. క్లచ్ పట్టినా బండి నిలవలేదు. ఒక్క గెంతు గెంతి నెల్లా కోళ్లగూటిని గుద్దింది.

"క్లచ్ కాల్చేసి తెచ్చావురా" అన్నాడు ఆల్డో.

"మూత విప్పి చూడు" అన్నాడు రెంజో.

ఆల్డో విప్పలేదు. టార్పాలిన్ కప్పేశాడు. ఆ తర్వాత అన్నదమ్ములు పెళ్లిళ్లలో కూడా వేరువేరు బల్లల దగ్గరే కూర్చున్నారు.

ఇప్పుడు రెంజో ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో ఉన్నాడు. శుక్రవారం అతని కూతురు టీనా ఫోన్ చేసింది. "పెదనాన్నా, నాన్న బండి చప్పుడు వినాలంటున్నాడు. కిటికీ కింద ఒక్కసారి స్టార్ట్ చేస్తే చాలట."

నిన్నంతా కార్బురేటర్ కడగడంతో సరిపోయింది. ఈ రోజు బండిని పక్కకి వాల్చి క్లచ్ మూత విప్పాడు. స్ప్రింగులు తీశాక ప్లేట్లన్నీ ఒకే ముద్దగా చేతిలోకి వచ్చాయి. కత్తి అంచు సందులో పెట్టి మెల్లగా తిప్పాడు. మొదటిది టప్పుమని విడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడు వాసన లేదు. రెండోది ఉక్కు ప్లేటు. వేడికి వచ్చే నీలి మచ్చ లేదు. ఏడింటినీ బల్ల మీద పరిచి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచీ చూశాడు. కాలిపోయి ఉంటాయని తెప్పించిన కొత్త ప్లేట్ల డబ్బా పక్కనే ఉంది, సీలు తీయకుండా.

నెల్లా టీ తెచ్చింది. ప్లేట్ల వైపు చూసింది, మొగుడి మొహం చూసింది.

"కత్తి నిదానంగా ఇవ్వులే" అంది.

ఆ ప్లేట్లనే కడిగి, ఆయిల్‌లో నానబెట్టి, తిరిగి బిగించేసరికి మధ్యాహ్నమైంది. తొమ్మిదో కిక్కుకి ఇంజను అందుకుంది. లీవరు నొక్కి గేరు వేశాడు. బండి కదలకుండా, చెప్పిన మాట వింటున్నట్టు నిలబడింది. హెల్మెట్ కోసం చెయ్యి చాస్తుండగా నెల్లా ఫోన్ పట్టుకుని వచ్చింది. దాన్ని అతని చెవికి ఆనించింది.

"పెదనాన్నా... ఇందాకే. భోజనమయ్యాక నాన్న పడుకున్నాడనుకున్నాం." టీనా ముక్కు చీదుకుంది. "ఆ చప్పుడు... బండిదేనా?"

"అదేనమ్మా."

ఎడమ చెయ్యి లీవరుని ఇంకా వదల్లేదు.

"మీ నాన్న క్లచ్ కాల్చలేదు తల్లీ. కట్టి ఇచ్చాడు, విప్పింది నేను. తప్పు నాదే."

ఇంజను ఆపాడు. మేకు మీద ఆ ట్యూబు ముక్క, బీటలు వారి, తమ్ముడు వేసిన ముడి తాలూకు మడత ఇంకా పోకుండా వేలాడుతోంది.