కుడివైపు సాక్షి

నీళ్లు పడుతున్న చప్పుడు.

బాప్తిస్మం తొట్టి అడుగున పలకల మీద — ముందు గట్టిగా, తర్వాత మెత్తగా, తర్వాత ఉందా లేదా అన్నట్టు. ఉదయం ఏడింటికి తిప్పిన కుళాయి. తొమ్మిదవుతున్నా నీళ్లు నడుము దాకా రాలేదు.

వెళ్లి చూశాను. వచ్చాను. మళ్లీ వెళ్లి చూశాను.

నువ్వు చూస్తే తొందరగా నిండుతుందా, అని అడిగింది గడియారం.

గడియారం నా సహచరి. నిమిషం తప్పదు కాబట్టి మనసులో ఆ పేరు పెట్టుకున్నాను. మా మోర్మన్ క్రైస్తవ సంఘం తరఫున పరాయి దేశానికి సేవకు వచ్చిన ఆడపిల్లలం పద్దెనిమిది నెలలు ఇద్దరిద్దరుగా బతకాలి. ఒకరి కంటికొకరు కనబడుతూ, ఒకరి మాట ఒకరికి వినబడుతూ. స్నానాల గది ఒక్కటే మినహాయింపు. ఆరున్నరకు లేవడం, చదువుకోవడం, గుండెల మీద పేరుపలక పెట్టుకోవడం, మనది కాని భాషలో తలుపులు తట్టడం. ఆ తలుపు మూసుకుంటే పక్క తలుపు.

ఏడు నెలలు. ఎన్ని తలుపులో.

ఏడు నెలల్లో బాప్తిస్మం దాకా వచ్చింది ఒక్క మనిషి. బొత్తాల పెద్దమ్మ. పోనీ, ఆవిడ తలుపైనా మేం తట్టామా అంటే — లేదు. నడివీధిలో నా స్కర్టు జిప్పు తెగింది. తలకాయ కొట్టేసినట్టయింది. బస్టాండు వెనక బట్టలు బాగుచేసే కొట్టు కనబడితే అందులో దూరాం. గోడ నిండా బొత్తాల సీసాలు. ఆవిడ తలెత్తకుండానే, అటు తిరుగు, అంది. కుడుతూ కుడుతూ, మీరేం అమ్ముతుంటారని అడిగింది. ఏమీ అమ్మం, అన్నాను.

అయితే కూర్చోండి, అంది.

పదకొండు వారాలు కూర్చున్నాం. వెళ్లినప్పుడల్లా ఆవిడది ఒకటే ప్రశ్న. వాళ్లాయన బస్సు డ్రైవరు, పోయి నాలుగేళ్లయింది. చనిపోయాక కూడా కుటుంబాలు కలిసే ఉంటాయన్నారు కదా... ఆయన నన్ను గుర్తుపడతాడా?

గుర్తుపడతాడు, అనేది గడియారం, రెప్ప వేయకుండా. దానికి మొదటి గడప బాప్తిస్మమే అని చెప్పేది.

నేనూ అదే చెప్పేదాన్ని. చెప్పి, బయటికొచ్చి, వీధి చివరిదాకా ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంటూ నడిచేదాన్ని.

నమ్మకం లేక కాదు. ఉంది. దాని పక్కనే భయం కూడా కాపురం పెట్టింది. గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు చూసుకునే మనిషిని. తాళం లాగి లాగి చూసే మనిషిని. నీకే సవాలక్ష సందేహాలు, నువ్వు జనానికి ఏం చెప్తావే తల్లీ, అని వారానికోసారి ఫోన్లో అమ్మ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాదు.

పెద్దమ్మకేమో నీళ్లంటే భయం. ఎందుకని అడిగితే, భయానికి ఎందుకేమిటి, అంటుంది. తల మీద మగ్గుతో పోసుకోవడానికే ఊపిరి బిగబడుతుందట. మా దగ్గర నీళ్లు చిలకరిస్తే కుదరదు. నిండా మునగాలి. వెంట్రుక గానీ, వేలు గానీ, బట్ట అంచు గానీ పైన మిగిలితే మళ్లీ మొదటినుంచి. అది చూడటానికి అటొకరు, ఇటొకరు సాక్షులు నిలబడతారు; ఏదైనా పైన మిగిలితే చెయ్యెత్తాలి, అంతా మునిగితే తల ఊపాలి.

ఎడమవైపు సాక్షి గడియారం.

కుడివైపు సాక్షి నేను.

పదిన్నరకు తొట్టి నిండింది. బాప్తిస్మం ఇచ్చేది ప్లంబర్ గారు. వారమంతా ఊళ్లో పైపులు బాగుచేసి, ఆదివారం మా చిన్న సంఘాన్ని నడుపుతారు. ఈ కుళాయి బిగించిందీ ఆయనే, అందుకే ఇంత నిదానం అని సంఘంలో అందరూ ఆటపట్టిస్తారు. ఆయన మెట్లు దిగి చెయ్యి చాపారు. పెద్దమ్మ తనే కుట్టుకున్న తెల్ల గౌనులో, ఒక్కో మెట్టు మీద ఒక్కో నిమిషం ఆగుతూ దిగింది.

ఆయన కుడిచెయ్యి ఎత్తి, చెప్పాల్సిన మాటలు చెప్పి, ఆవిడను వెనక్కి వంచారు.

గౌను అంచు పైకి తేలింది.

గడియారం చెయ్యెత్తింది. నా కుట్టుకే తలవంపులు, అని పెద్దమ్మ దగ్గుతూనే నవ్వింది. మేమూ నవ్వాం. అంచు కాళ్ల మధ్య గట్టిగా పట్టుకోమన్నారు.

రెండోసారి — బెదిరి కాళ్లు విదిల్చింది. మోకాలు మొత్తం పైకొచ్చింది. ఇద్దరం చెయ్యెత్తాం.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి. ప్లంబర్ గారి మణికట్టును పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయాయి. తిరిగి చూసింది. ఆయన వైపు కాదు. నా వైపు.

"ఇంకా ఎన్నిసార్లు, అమ్మాయ్?"

"ఒక్కసారే, పెద్దమ్మా."

నాకెలా తెలుసు? తెలియదు. నోటికొచ్చింది, అనేశాను.

మూడోసారి.

జుట్టు మునిగింది. గౌను మునిగింది. మోచేతులు మునిగాయి. ముఖం మునిగింది... ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. అప్పుడు — కుడికాలి బొటనవేలు. గోరంత. నా వైపే. పైకొచ్చి, గాలిలో ఆగి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

పెద్దమ్మ లేచింది. గట్టిగా ఊపిరి లాగింది. గడియారం తల ఊపింది. తర్వాత అందరూ నా వంక చూశారు.

చెయ్యెత్తాలి.

ఆవిడ ముఖం చూశాను. వణుకుతున్న గడ్డం, కళ్లలోకి కారుతున్న నీళ్లు. చెయ్యి లేవలేదు. ఒట్టు, లేపుదామనే అనుకున్నాను.

తల ఊపాను.

అందరూ పాట అందుకున్నారు. నేనూ పాడాను. నోరు పాడుతోంది, మనసు మాత్రం ఆ వేలి దగ్గరే ఉంది. బొటనవేలే కదా... బొటనవేలే. దేవుడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. తెలుసు కాబట్టే భయం.

బట్టలు మార్చుకునే గదిలో ఆవిడ తల తుడుస్తున్నాను. తలుపు బయట గడియారం, చెవికి అందేంత దూరంలో. పెద్దమ్మ బల్ల మీద కూర్చుని, తడి గౌనులోనే, తన పాదం వైపు చూసుకుంటోంది.

"ఈ వేలికి చల్లగా గాలి తగిలింది," అంది.

నేను ఇంకాస్త గట్టిగా తుడిచాను.

"నువ్వు అటే ఉన్నావు కదా. చూశావా?"

లేదు అంటే సరిపోయేది. ఒక్క మాట. అనలేకపోయాను.

"చూశాను."

"మరి?"

"వణికిపోతున్నారు పెద్దమ్మా. జాలేసింది."

ఆవిడ నా చేతిలోంచి తువ్వాలు తీసుకుంది. కొట్టులో బట్ట మడిచినట్టు, మూలకు మూల కలిపి మడిచింది. కోప్పడితే బాగుండేది.

"ఆయన దగ్గరికి వెళ్దామని ఆ నీళ్లలోకి దిగాను. నీ జాలి పట్టుకెళ్లి అక్కడ ఏం చూపించను?"

అప్పుడే గోడ అవతల గడగడమని శబ్దం. తొట్టి అడుగున నీళ్లు పోయే రంధ్రం మూత తీసేశారు.

పరుగెత్తాను. వెనకాల గడియారం. బ్రదర్, నీళ్లు ఆపండి అంటూ వెళ్లి, అందరి ముందూ చెప్పేశాను — వేలు పైనే ఉంది, నేను చూసి కూడా చెప్పలేదు. గడియారం నా వైపు చూసిన చూపును తలెత్తి ఎదుర్కోలేకపోయాను. ప్లంబర్ గారు తొట్టి దగ్గరికి వెళ్లారు. వంగి మూత పెట్టారు. నీళ్లు మోకాళ్ల దాకానే మిగిలాయి. మళ్లీ నిండాలంటే మధ్యాహ్నం దాటుతుంది, పోనీ వచ్చే వారం పెట్టుకుందాం, అంటున్నారు.

పెద్దమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది.

ఒక చెయ్యి గోడకు ఆనించి, ఎవరినీ పట్టుకోకుండా దిగింది. ఒక మెట్టు. ఇంకో మెట్టు. మోకాళ్ల దాకా వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని — కూర్చుంది. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి.

"కూర్చుంటే సరిపోదా?" అని అడిగింది.

ప్లంబర్ గారు దిగి, ఆవిడ పక్కన మోకరించి, ఒక చెయ్యి వీపు వెనక పెట్టి, మరో చెయ్యి పైకెత్తారు. గడియారం తన వైపుకు వెళ్లింది. నేను నా వైపుకు వెళ్లాను. అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను.

పెద్దమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది.

"ఈసారి నా ముఖం చూడకు, అమ్మాయ్. నీళ్లు చూడు."

నీళ్లు చూశాను, ఈసారి గోరంత తేలినా చెయ్యెత్తాలని.

మూత సరిగా కూర్చోలేదు. అడుగున ఎక్కడో, సన్నగా, నీళ్లు పోతున్న చప్పుడు...